'నుంచి'ని ఇంగ్లిష్‌లోకి తేవడం ఎలా: సిన్స్ ఎక్కడ, ఫర్ ఎక్కడ

"రెండేళ్ల నుంచి ఇక్కడే పనిచేస్తున్నాను." తెలుగులో ఇందులో ఏ తప్పూ లేదు. ఇదే ముక్క ఇంగ్లిష్‌లో చెప్పాల్సి వస్తే మాత్రం చాలామంది "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్" అనేస్తారు. అనేవాళ్లు చదువుకున్నవాళ్లే, రోజూ ఇంగ్లిష్‌లో మెయిల్స్ రాసేవాళ్లే. సిన్స్‌కీ ఫర్‌కీ తేడా ఏమిటని అడిగితే 'పాయింట్ ఆఫ్ టైమ్‌కి సిన్స్, పీరియడ్ ఆఫ్ టైమ్‌కి ఫర్' అని టకటకా అప్పజెప్తారు కూడా. అయినా మాట్లాడేటప్పుడు తప్పు దొర్లుతూనే ఉంటుంది.

ఇది ఇంగ్లిష్ రాకపోవడం వల్ల వచ్చిన తప్పు కాదని నా నమ్మకం. అసలు చిక్కంతా మన 'నుంచి'లో ఉంది. ఈ మూడు వాక్యాలు చూడండి: "సోమవారం నుంచి జ్వరంగా ఉంది." "మూడు రోజుల నుంచి జ్వరంగా ఉంది." "రేపటి నుంచి సెలవులో ఉంటాను." మూడింట్లోనూ మనకు ఒకటే 'నుంచి'. ఇంగ్లిష్‌లో అయితే మొదటిది సిన్స్, రెండోది ఫర్, మూడోది ఫ్రమ్. మనసులో 'నుంచి' అని మెదలగానే నోరు సిన్స్ అనేస్తుంది. బడిలో నేర్చుకున్న సూత్రం గుర్తొచ్చేసరికి వాక్యం పూర్తయిపోతుంది.

ఈ ఇబ్బంది మన ఒక్కరిదే కాదు. హిందీలో 'సే' కూడా ఇలాగే అన్నిటికీ సరిపోతుంది. జర్మన్‌లో 'జైట్', ఫ్రెంచ్‌లో 'దెప్వీ' అన్న మాటలు కూడా మొదలైన రోజుకీ, గడిచిన కాలానికీ రెండిటికీ పనికొస్తాయి. అందుకే ఆ భాషలవాళ్లు ఇంగ్లిష్ నేర్చుకునేటప్పుడు సరిగ్గా ఇక్కడే తడబడతారు. కాబట్టి 'నాకు గ్రామర్ రాదు' అని టెన్షన్ పడకండి. తప్పు తెలుగులో ఆలోచించే దగ్గర పుడుతోంది, దాన్ని తెలుగులోనే సరిచేసుకోవచ్చు. కింద చెప్పే పద్ధతి అదే.

మొదటి అడుగు: 'నుంచి' తీసేసి 'గా' పెట్టి చూడండి

ఇంగ్లిష్ వాక్యం మొదలుపెట్టకముందే తెలుగు వాక్యంలో 'నుంచి' ఉన్న చోట 'గా' పెట్టి మనసులో ఒకసారి అనుకోండి. అతికితే ఫర్. అతకకపోతే ఫర్ కాదు.

"మూడు రోజుల నుంచి జ్వరం" అన్నదాన్ని "మూడు రోజులుగా జ్వరం" అనొచ్చు. హాయిగా అతికింది. కాబట్టి ఫర్ త్రీ డేస్. "సోమవారం నుంచి జ్వరం" అన్నదాన్ని "సోమవారంగా జ్వరం" అనగలమా? చెవికే తెలిసిపోతుంది, అది మాటే కాదు. కాబట్టి సిన్స్ మండే. "2019 నుంచి ఇక్కడే ఉంటున్నాం" అన్నచోట "2019గా" అనలేం కాబట్టి సిన్స్ 2019. "పదేళ్ల నుంచి ఇక్కడే ఉంటున్నాం" అన్నచోట "పదేళ్లుగా" అని చక్కగా అనగలం కాబట్టి ఫర్ టెన్ ఇయర్స్.

నాకు ఈ పరీక్ష బడి సూత్రం కంటే ఎందుకు నచ్చుతుందంటే, ఇందులో గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ లేదు. ఏది అతుకుతుందో ఏది అతకదో చెప్పడానికి మీ చెవి చాలు, ఆ చెవి మీకు చిన్నప్పటి నుంచీ ఉంది. పేపర్లో "గత మూడు రోజులుగా కురుస్తున్న వర్షాలు", "కొన్నేళ్లుగా పెండింగ్‌లో ఉన్న ఫైలు" అని రోజూ చదువుతూనే ఉంటాం. కొంతకాలంగా, కొద్దిరోజులుగా, దశాబ్దాలుగా, తరతరాలుగా: ఇవన్నీ ఇంగ్లిష్‌లో ఫర్‌తోనే వస్తాయి.

పైకి చూస్తే పొరపడే మాటల్ని కూడా ఈ పరీక్ష పట్టిస్తుంది. "కాలేజీ రోజుల నుంచి అతను నాకు తెలుసు" అన్నదాంట్లో 'రోజుల' అని ఉంది కదా, పీరియడ్ అనుకుని ఫర్ పెట్టబోతాం. "కాలేజీ రోజులుగా తెలుసు" అని అనుకుని చూడండి. అతకదు. అక్కడ రోజులు లెక్క కాదు, పరిచయం ఎప్పుడు మొదలైందో చెప్పే గుర్తు మాత్రమే. కాబట్టి సిన్స్ కాలేజ్ డేస్.

దీనికి తిరగబడ్డ మాట 'ఎప్పట్నుంచో'. ఇందులో 'ఎప్పుడు' ఉంది కాబట్టి పాయింట్ లాగా కనిపిస్తుంది. అందుకే "సిన్స్ లాంగ్", "సిన్స్ లాంగ్ టైమ్", "ఫ్రమ్ లాంగ్ టైమ్" అని రకరకాలుగా వస్తుంది. కానీ ఎప్పట్నుంచో అంటే మన ఉద్దేశం చాలాకాలంగా అనే కదా. 'గా' వచ్చేసింది. ఫర్ ఎ లాంగ్ టైమ్. సిన్స్ లాంగ్ అన్నది స్టాండర్డ్ ఇంగ్లిష్‌లో లేదు. సిన్స్ ఏజెస్ కూడా అంతే, ఫర్ ఏజెస్ అనాలి.

ఒక్క జాగ్రత్త. 'గా' తెలుగులో ఇంకా చాలా పనులు చేస్తుంది. "టీచర్‌గా పనిచేస్తున్నాను", "నెమ్మదిగా నడుస్తున్నాడు" లాంటి వాటికీ ఈ పరీక్షకూ సంబంధం లేదు. కాలాన్ని చెప్పే మాట పక్కనే పెట్టి చూడండి.

ఐదు గంటల దగ్గర కాసేపు ఆగుదాం

"ఐదు గంటల నుంచి నీకోసం ఎదురుచూస్తున్నాను."

ఈ వాక్యాన్ని మళ్లీ చదవండి. ఎదురుచూపు సాయంత్రం ఐదింటికి మొదలైందా, లేక ఐదు గంటలు గడిచిపోయాయా? తెలుగులో రెండర్థాలూ వస్తాయి. ఇప్పుడు ఆరైంది అనుకోండి. మొదటి అర్థంలో గంటే అయింది, చిన్న విసుగు. రెండో అర్థంలో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి కూర్చున్నట్టు, పెద్ద గొడవే. ఎదురుగా ఉన్నవాళ్లకు సందర్భం తెలుసు కాబట్టి ఇబ్బంది రాదు. లేదంటే మనమే "ఐదింటి నుంచి" అనో, "ఐదు గంటలుగా" అనో విడమరిచి చెప్తాం.

ఇంగ్లిష్‌కి ఆ సందిగ్ధం లేదు. సిన్స్ ఫైవ్ అంటే ఐదింటి నుంచి. ఫర్ ఫైవ్ అవర్స్ అంటే ఐదు గంటలుగా. ఇక్కడ సిన్స్, ఫర్ మారితే వాక్యం అర్థమే మారిపోతుంది. "సిన్స్ ఫైవ్ అవర్స్" అన్నారనుకోండి, వినేవాళ్లు రెండు వైపులకీ లాగబడతారు. సిన్స్ విని టైమ్ చెప్తున్నారనుకోవాలా, అవర్స్ విని లెక్క చెప్తున్నారనుకోవాలా? చాలామంది సర్దుకుని అర్థం చేసుకుంటారు. ఫోన్‌లో వేరే దేశం మనిషితో మాట్లాడుతున్నప్పుడు మాత్రం ఆ సర్దుబాటు ప్రతిసారీ జరగదు.

అసలు సిన్స్ అన్న మాట పాత ఇంగ్లిష్‌లో 'ఆ తర్వాత' అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. ఏదో ఒకటి జరిగిన తర్వాత, ఫలానా రోజు వచ్చిన తర్వాత అన్న ఛాయ దానికి ఇప్పటికీ ఉంది. అందుకే దాని పక్కన ఒక రోజో, సంవత్సరమో, సంఘటనో ఉండాలి. "సోమవారం తర్వాత నుంచి" అంటే అర్థముంది. మూడు రోజుల లెక్కకు అలా ముందూ వెనకా ఉండవు, దానికి పొడవు మాత్రమే ఉంటుంది.

రెండో అడుగు: క్రియను మార్చండి

సిన్స్, ఫర్ సరిగ్గా పెట్టేసి ఇక్కడ ఆగిపోయేవాళ్లు చాలామంది. "ఐ యామ్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్" అంటారు. ఫర్ సరిపోయింది, వాక్యం ఇంకా సరిపోలేదు. నన్నడిగితే సిన్స్ బదులు ఫర్ పెట్టడం కంటే ఇది ముఖ్యం, ఎందుకంటే అర్థం నిజంగా తలకిందులయ్యేది ఇక్కడే.

తెలుగులో "రెండేళ్లుగా పనిచేస్తున్నాను" అని వర్తమానం చాలు. గతంలో మొదలై ఇప్పటిదాకా సాగుతున్న పనికి ఇంగ్లిష్‌ హ్యావ్ లేదా హ్యాజ్ అడుగుతుంది. ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్. ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ సిన్స్ 2019. అతనికో ఆమెకో చెప్పాల్సి వస్తే హ్యాజ్ బీన్.

ఈ నాలుగు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఎవరో ఒక ఊరికి వచ్చి ఉన్నారు, రెండు వారాల మాట వచ్చింది.

"ఐ హ్యావ్ బీన్ హియర్ ఫర్ టూ వీక్స్" అంటే వచ్చి రెండు వారాలైంది, ఇంకా ఇక్కడే ఉన్నాను.

"ఐ యామ్ హియర్ ఫర్ టూ వీక్స్" అంటే నా మకాం మొత్తం రెండు వారాలు. నిన్ననే దిగి ఉండొచ్చు.

"ఐ వాజ్ హియర్ ఫర్ టూ వీక్స్" అంటే అప్పుడెప్పుడో రెండు వారాలున్నాను, అది అయిపోయింది.

"ఐ విల్ బి హియర్ ఫర్ టూ వీక్స్" అంటే ఇకపై రెండు వారాలుంటాను.

ఫర్ టూ వీక్స్ ఎక్కడా మారలేదు. క్రియ మారితే కాలం మొత్తం మారిపోయింది. తెలుగులో ఈ తేడాను మనం ఫర్ వైపు నుంచే చూపిస్తాం: రెండు వారాలుగా ఉన్నాను, రెండు వారాలపాటు ఉన్నాను, రెండు వారాలుంటాను. 'గా' ఉంటే ఇంకా సాగుతున్న పని, కాబట్టి హ్యావ్. 'పాటు', 'సేపు' ఉన్నా, ఉత్త "రెండు వారాలు" అన్నా ఫర్ అలాగే ఉంటుంది కానీ హ్యావ్ అక్కర్లేదు. "గంటసేపు మాట్లాడాను" అంటే ఐ స్పోక్ ఫర్ యాన్ అవర్, అంతే.

ఇంటర్వ్యూకి నాతో ప్రాక్టీస్ చేసిన ఒకమ్మాయి ఉద్యోగం గురించి "ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్" అంది. సిన్స్ తప్పు పోవాలని చాలా కష్టపడింది, ఫర్ సరిగ్గా వచ్చింది. కానీ ఆ వాక్యం విన్నవాళ్లెవరైనా వెంటనే అడిగేది "మరి ఎందుకు మానేశారు?" అనే. ఆమె మానెయ్యలేదు, ఆ రోజు కూడా డ్యూటీకి వెళ్లొచ్చింది. "ఐ హ్యావ్ వర్క్‌డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్" అనాల్సింది. ఒక్క హ్యావ్ లేకపోవడంతో ఉన్న ఉద్యోగం పోయినట్టయింది. మళ్లీ పదిసార్లు చెప్పించాక గానీ నాకు తృప్తి కలగలేదు.

డాక్టర్ దగ్గర కూడా అంతే. "ఐ హ్యాడ్ ఎ ఫీవర్ ఫర్ త్రీ డేస్" అంటే మూడు రోజులు వచ్చి తగ్గిపోయిందని. ఇంకా ఉంటే "ఐ హ్యావ్ హ్యాడ్ ఎ ఫీవర్ ఫర్ త్రీ డేస్". ఈ హ్యావ్ హ్యాడ్ చాలామందికి వింతగా అనిపిస్తుంది, ఒకే మాట రెండుసార్లు వచ్చినట్టు ఉంటుంది. మొదటి హ్యావ్ 'ఇప్పటిదాకా' అని చెప్పడానికి, రెండోది జ్వరం 'ఉంది' అని చెప్పడానికి. భయపడకుండా వాడండి.

అన్ని క్రియలకీ బీన్, ఇంగ్ తగిలించకండి. తెలియడం, కలిగి ఉండడం, ఇష్టపడడం లాంటివాటికి అది పొసగదు. "అతను నాకు పదేళ్లుగా తెలుసు" అంటే "ఐ హ్యావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్". "ఐ యామ్ నోయింగ్ హిమ్ సిన్స్ టెన్ ఇయర్స్" అన్న వాక్యంలో రెండు తప్పులూ ఒకేచోట కూర్చున్నాయి.

ఒకప్పటి సంగతి చెప్తుంటే హ్యావ్ బదులు హ్యాడ్. "నేను చేరేసరికి ఆమె అక్కడ రెండేళ్లుగా పనిచేస్తోంది" అన్నదానికి "వెన్ ఐ జాయిన్డ్, షీ హ్యాడ్ బీన్ వర్కింగ్ దేర్ ఫర్ టూ ఇయర్స్". సిన్స్, ఫర్ ఎంచుకునే పద్ధతిలో మార్పేమీ లేదు.

మూడో అడుగు: 'గా' అతకలేదంటే సిన్స్ అని వెంటనే తేల్చేయకండి

'గా' అతకకపోతే రెండు దారులున్నాయి: సిన్స్ లేదా ఫ్రమ్. పని ఇప్పటికే మొదలై ఇప్పటిదాకా వచ్చిందా అని అడగండి. వస్తే సిన్స్. ఇంకా మొదలే కాకపోయినా, 'దాకా' అని ఆఖరు కూడా చెప్తున్నా ఫ్రమ్.

"రేపటి నుంచి వాకింగ్‌కి వెళ్తాను" అన్నది రాబోయే సంగతి. సిన్స్‌కి భవిష్యత్తు లేదు, కాబట్టి "ఫ్రమ్ టుమారో". "2015 నుంచి 2019 దాకా అక్కడ చదివాను" అన్నది ముగిసిన సంగతి, రెండు కొసలూ చెప్పాం కాబట్టి "ఐ స్టడీడ్ దేర్ ఫ్రమ్ 2015 టు 2019". "2019 నుంచి ఇక్కడ చదువుతున్నాను" అంటే మాత్రం సిన్స్ 2019. తెలుగు వాక్యంలో 'దాకా', 'వరకు' కనబడితే మరో ఆలోచన లేకుండా ఫ్రమ్ వైపు వెళ్లండి.

నాలుగో అడుగు: 'లాస్ట్' కనబడితే రెండోసారి పరీక్షించండి

ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు కూడా ఎక్కువగా పడిపోయే గొయ్యి ఇది. "సిన్స్ లాస్ట్ టూ ఇయర్స్" అని మెయిల్స్‌లో, రెజ్యూమెల్లో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. లాస్ట్ అనగానే గతంలో ఏదో ఒక చోటు అన్న భ్రమ కలుగుతుంది, సిన్స్ పెట్టేస్తాం.

మళ్లీ 'గా'నే అడుగుదాం. "గత రెండేళ్లుగా" అని శుభ్రంగా అతికింది. కాబట్టి ఫర్ ది లాస్ట్ టూ ఇయర్స్. ఇందులో 'ది' మర్చిపోవద్దు. "పోయిన సోమవారం నుంచి" అన్నదాన్ని "పోయిన సోమవారంగా" అనలేం. కాబట్టి సిన్స్ లాస్ట్ మండే, ఇక్కడ 'ది' లేదు.

ఏడాది దగ్గర రెండూ కుదురుతాయి, అర్థాలు వేరు. "గత ఏడాదిగా" అంటే ఫర్ ది లాస్ట్ ఇయర్. "గత ఏడాది నుంచి" అంటే సిన్స్ లాస్ట్ ఇయర్. ఇప్పుడు జూన్ నెల అనుకోండి. మొదటిదానికి పోయిన జూన్ నుంచి ఈ జూన్ దాకా 12 నెలలు. రెండోదానికి పోయిన సంవత్సరంలో ఎప్పుడైనా మొదలై ఉండొచ్చు. డిసెంబర్‌లో అయితే 6 నెలలే, జనవరిలో అయితే 17 నెలలు. అనుభవం ఎంతో చెప్పాల్సిన చోట ఈ తేడా చిన్నది కాదు. రెజ్యూమెలో అయితే సిన్స్ పెట్టి నెల, సంవత్సరం రెండూ రాసెయ్యండి, ఎవరికీ లెక్కలు కట్టే పని ఉండదు.

ఐదో అడుగు: ప్రశ్న అడిగేటప్పుడు

"మీరు ఇక్కడ ఎప్పట్నుంచి ఉంటున్నారు?" అన్నది మనకు మర్యాదైన ప్రశ్న. దాన్ని మాటకు మాట పెట్టి "సిన్స్ వెన్ ఆర్ యూ లివింగ్ హియర్?" అంటాం. పుట్టుకతో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ల చెవికి సిన్స్ వెన్ తరచుగా వేరేలా తగులుతుంది. "ఎప్పట్నుంచేంటి ఇది, కొత్తగా!" అని నిలదీస్తున్నట్టు ఉంటుంది. మీకు ఆ ఉద్దేశం లేదు, అయినా స్వరం అలా పడుతుంది. ప్రశ్నకు ఎప్పుడూ హౌ లాంగ్ వాడండి: "హౌ లాంగ్ హ్యావ్ యూ బీన్ లివింగ్ హియర్?" జవాబు సిన్స్‌తో చెప్పినా, ఫర్‌తో చెప్పినా సరిపోతుంది.

ఇక్కడా క్రియను చూసుకోండి. "హౌ లాంగ్ ఆర్ యూ హియర్ ఫర్?" అంటే "ఇంకెన్నాళ్లు ఉంటారు?" అన్న వైపు వెళ్తుంది. వచ్చి ఎన్నాళ్లైందని అడగాలంటే హ్యావ్ యూ బీన్ ఉండాల్సిందే.

ఆరో అడుగు: సంఘటనే మొదలైనప్పుడు

తేదీ లేకుండా ఏదో జరిగిన దగ్గర్నుంచి అని చెప్తుంటాం. "నేను ఈ ఇంటికి వచ్చినప్పట్నుంచి బాగా నిద్రపడుతోంది." 'అప్పటిగా' అనలేం, కాబట్టి సిన్స్. దాని వెనక వచ్చే ముక్క సాధారణంగా మామూలు పాస్ట్‌లో ఉంటుంది, ముందున్న ముక్కకే హ్యావ్: "ఐ హ్యావ్ బీన్ స్లీపింగ్ వెల్ సిన్స్ ఐ మూవ్డ్ టు దిస్ హౌస్."

"అతన్ని చూసి మూడేళ్లయింది" అన్నది మరో రకం. ఇందులో మూడేళ్ల లెక్కా ఉంది, చూసిన రోజూ ఉంది. "ఇట్ హ్యాజ్ బీన్ త్రీ ఇయర్స్ సిన్స్ ఐ సా హిమ్." త్రీ ఇయర్స్ పక్కన సిన్స్ కనబడేసరికి కొందరు, ఇది మొదట చెప్పినదానికి విరుద్ధం కదా అంటారు. కాదు. ఈ సిన్స్ త్రీ ఇయర్స్‌ది కాదు, దాని తర్వాత వచ్చిన ఐ సా హిమ్‌ది. చదివేటప్పుడు త్రీ ఇయర్స్ దగ్గర చిన్నగా ఆగి చూడండి, తెలుస్తుంది. ఇదే సంగతిని "మూడేళ్లుగా అతన్ని చూడలేదు" అని మారిస్తే ఫర్ వస్తుంది: "ఐ హ్యావెంట్ సీన్ హిమ్ ఫర్ త్రీ ఇయర్స్." అమెరికన్లు ఇలా లేదు, కాలేదు అనే వాక్యాల్లో ఇన్ త్రీ ఇయర్స్ అని కూడా అంటారు.

మిగిలినవి గబగబా. పొద్దున్నుంచి అన్నదానికి ఉత్త సిన్స్ మార్నింగ్ కంటే సిన్స్ దిస్ మార్నింగ్ మేలు. రోజంతా, రాత్రంతా అన్నవాటికి ఆల్ డే, ఆల్ నైట్ చాలు, ముందు ఫర్ పెట్టకూడదు. "ఐ హ్యావ్ బీన్ హియర్ టూ ఇయర్స్" అని ఫర్ మింగేసినా తప్పు కాదు, మాటల్లో అలా వినబడుతుంది. కానీ లేదు, కాలేదు అనే వాక్యాల్లో దాన్ని వదలకండి. ఇక సిన్స్‌కి 'కాబట్టి' అనీ, ఫర్‌కి 'కోసం' అనీ వేరే అర్థాలున్నాయి, వాటికి ఈ పరీక్షతో పని లేదు.

ఒక సెలవు మెయిల్, సరిచేసిన తీరు

ఇలాంటి మెయిల్ మీరూ చూసే ఉంటారు: "ఐ యామ్ హ్యావింగ్ ఫీవర్ సిన్స్ త్రీ డేస్. ఐ యామ్ టేకింగ్ మెడిసిన్స్ ఫ్రమ్ మండే. ఐ యామ్ నాట్ స్లీపింగ్ ప్రాపర్లీ సిన్స్ లాస్ట్ టూ నైట్స్. ప్లీజ్ గ్రాంట్ మీ లీవ్ సిన్స్ టుమారో ఫర్ టూ డేస్."

మొదటి వాక్యం: మూడు రోజులుగా, అతికింది, ఫర్. జ్వరం ఇంకా ఉంది, హ్యావ్. "ఐ హ్యావ్ హ్యాడ్ ఎ ఫీవర్ ఫర్ త్రీ డేస్." రెండోది: సోమవారంగా, అతకలేదు. మందులు వేసుకోవడం మొదలై ఇప్పటిదాకా వచ్చింది కాబట్టి ఫ్రమ్ కాదు, సిన్స్. "ఐ హ్యావ్ బీన్ టేకింగ్ మెడిసిన్ సిన్స్ మండే." మూడోది: గత రెండు రాత్రులుగా, అతికింది. "ఐ హ్యావెంట్ స్లెప్ట్ ప్రాపర్లీ ఫర్ ది లాస్ట్ టూ నైట్స్." నాలుగోది: రేపు ఇంకా రాలేదు, ఫ్రమ్. రెండు రోజులపాటు, ఫర్. "ప్లీజ్ గ్రాంట్ మీ లీవ్ ఫర్ టూ డేస్ ఫ్రమ్ టుమారో."

సెలవు మొదటి మెయిల్‌కైనా దొరుకుతుంది. రెండో మెయిల్ చదివినవాళ్లు మాత్రం జ్వరం గురించే ఆలోచిస్తారు, ఇంగ్లిష్ వాళ్ల దృష్టికి అడ్డం రాదు.

ఇప్పుడు మీ వంతు

కింది వాక్యాలను చదివి, మనసులో 'గా' పెట్టి చూసుకుని, ఇంగ్లిష్‌లో పైకి గట్టిగా చెప్పండి. రాయడం కంటే చెప్పడం ముఖ్యం, తప్పు నోటి దగ్గరే జరుగుతుంది కాబట్టి.

నెల రోజుల నుంచి డ్రైవింగ్ నేర్చుకుంటున్నాను.
చిన్నప్పట్నుంచి ఆమెకు బొమ్మలు వేయడమంటే ఇష్టం.
వచ్చే నెల నుంచి కొత్త టీమ్‌లో పనిచేస్తాను.
రెండింటి నుంచి లైన్‌లో నిలబడ్డాం.
రెండు గంటల పాటు లైన్‌లో నిలబడ్డాం, తర్వాత వెళ్లిపోయాం.
ఆర్నెల్ల నుంచి అతనితో మాట్లాడలేదు.

మొదటిది నెల రోజులుగా: ఐ హ్యావ్ బీన్ లెర్నింగ్ టు డ్రైవ్ ఫర్ ఎ మంత్. రెండోది అతకదు: షీ హ్యాజ్ లవ్డ్ డ్రాయింగ్ సిన్స్ చైల్డ్‌హుడ్, ఇష్టం కాబట్టి ఇంగ్ లేదు. మూడోది రాబోయేది: ఐ విల్ వర్క్ ఇన్ ఎ న్యూ టీమ్ ఫ్రమ్ నెక్స్ట్ మంత్. నాలుగోది రెండింటికి మొదలై ఇంకా సాగుతోంది: వి హ్యావ్ బీన్ స్టాండింగ్ ఇన్ లైన్ సిన్స్ టూ. ఐదోది అయిపోయింది, హ్యావ్ అక్కర్లేదు: వి స్టుడ్ ఇన్ లైన్ ఫర్ టూ అవర్స్ అండ్ దెన్ లెఫ్ట్. ఆరోది ఆర్నెల్లుగా: ఐ హ్యావెంట్ స్పోకెన్ టు హిమ్ ఫర్ సిక్స్ మంత్స్.

నాలుగు, ఐదు దగ్గర తడబడితే ఐదు గంటల ఎదురుచూపు భాగం ఇంకోసారి చదివి, ఆ రెండు వాక్యాలూ మళ్లీ చెప్పి చూడండి.